ఒకే చిప్పు, మూడు ఫోల్డర్లు: కంపైలర్ మారితే ఇన్‌లైన్ అసెంబ్లీ ఎందుకు చెడుతుంది?

ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ కోడ్ తెరిస్తే అందులో ‘పోర్టబుల్’ అనే ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది. దాని లోపల జీసీసీ, ఐఏఆర్, ఆర్‌వీడీఎస్ (ఏఆర్ఎం కంపెనీ పాత కంపైలర్) అంటూ కంపైలర్ల పేర్లతో వేర్వేరు ఫోల్డర్లు. ఒక్కోదాంట్లోకి వెళితే మళ్లీ ఒకటే పేరు: ఏఆర్ఎం_సీఎం4ఎఫ్. అంటే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఉన్న కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్. చిప్పు అదే, దానికి తెలిసిన ఇన్‌స్ట్రక్షన్లు అవే. ఒక టాస్క్‌ను ఆపి ఇంకో టాస్క్‌ను నడిపించే పనీ అదే. ఆ పని చేసే కాస్త అసెంబ్లీ మాత్రం మూడు చోట్ల మూడు తీర్లుగా రాసి ఉంటుంది.

మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. అసెంబ్లీ అంటే ప్రాసెసర్ భాష కదా, ప్రాసెసర్ మారలేదు కదా, మధ్యలో ఈ కంపైలర్ గొడవేంటి? ఫైల్ మొత్తం అసెంబ్లీలో రాస్తే ఈ ప్రశ్నలో చాలావరకు న్యాయం ఉంది. కానీ ఇన్‌లైన్ అసెంబ్లీ అలాంటిది కాదు. అది సీ ప్రోగ్రామ్ నడిబొడ్డున కూర్చుంటుంది. దానికి ముందూ వెనకా ఉన్న సీ లైన్లకి ఏ రిజిస్టర్ (ప్రాసెసర్ లోపల విలువ పెట్టుకునే చిన్న గది) ఇవ్వాలో, ఏ విలువ ఎక్కడ దాచాలో కంపైలర్ అప్పటికే లెక్కలు వేసుకుని ఉంటుంది. ఆ లెక్కల మధ్యలోకి మనం దూరుతున్నాం. దూరేటప్పుడు కంపైలర్‌కి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే అసలు సంగతి. ఒక్కో కంపైలర్ దీన్ని ఒక్కోలా పెట్టుకుంది.

ఎందుకు ఎవరి దారి వాళ్లదైందంటే, అడిగేవాళ్లు లేరు. సీ భాష ప్రమాణంలో ఇన్‌లైన్ అసెంబ్లీ అసలు భాషలో భాగమే కాదు. వెనక అనుబంధంలో, అక్కడక్కడా కనిపించే ఎక్స్‌టెన్షన్ల జాబితాలో ‘ఏఎస్ఎం’ అనే కీవర్డ్ గురించి నాలుగు ముక్కలు ఉంటాయి, అంతే. సీ ప్లస్ ప్లస్ ఒక అడుగు ముందుకేసి ఆ పదానికి భాషలో చోటిచ్చింది గానీ, దానికి అర్థమేంటో కంపైలర్ రాసేవాళ్ల ఇష్టానికే వదిలేసింది. ఇల్లు కట్టుకోండి, గోడలు మీ ఇష్టం అన్నట్టు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సీ నేర్చుకున్న చాలామందికి ఈ తేడా తొలిసారి తగిలేది టర్బో సీ నుంచి బయటికొచ్చాకే. నీలం రంగు తెర, డాస్‌బాక్స్ కిటికీ, ల్యాబ్ రికార్డులో మౌస్ ప్రోగ్రామ్. టర్బో సీలో ‘ఏఎస్ఎం’ అని రాసి పక్కనే ఇన్‌స్ట్రక్షన్ రాసేస్తే సరిపోయేది. అది కూడా అక్కర్లేకుండా అండర్‌స్కోర్ పెట్టి ‘_ఏఎక్స్’ అంటే చాలు, అదేదో మామూలు వేరియబుల్ అన్నట్టు నేరుగా ప్రాసెసర్ రిజిస్టర్‌లోకి విలువ వెళ్లిపోయేది. పదహారు బిట్ల డాస్ ప్రపంచంలో, పెద్దగా ఆప్టిమైజ్ చేయని కంపైలర్‌తో, అది నడిచింది. ఆ అలవాటుతోనే లైనక్స్ మీద జీసీసీకి వచ్చి అదే లైను రాస్తే ఎర్రర్లు వరదలా వస్తాయి. అప్పుడు అందరం చేసే తప్పు ఒకటే: ఇది స్పెల్లింగ్ గొడవ అనుకుంటాం.

స్పెల్లింగ్ గొడవ ఉన్న మాట నిజమే. ఎక్స్86 ప్రాసెసర్లకి రెండు లిపులున్నాయి. ఇంటెల్ పుస్తకాల పద్ధతి ఒకటి, యూనిక్స్ అసెంబ్లర్ల నుంచి వచ్చిన ఏటీ అండ్ టీ పద్ధతి ఇంకొకటి. ఈఏఎక్స్ అనే రిజిస్టర్‌లో 5 పెట్టే ఇన్‌స్ట్రక్షన్‌ని తెలుగు అక్షరాల్లో రాస్తే, మొదటిదాంట్లో ఇలా ఉంటుంది:

మూవ్ ఈఏఎక్స్, 5

రెండోదాంట్లో ఇలా:

మూవ్‌ఎల్ $5, %ఈఏఎక్స్

ఒకదాంట్లో ఎక్కడికి వెళ్లాలో ముందు, ఇంకోదాంట్లో ఎక్కణ్నుంచి రావాలో ముందు. రిజిస్టర్ ముందు శాతం గుర్తు, అంకె ముందు డాలరు, ఇన్‌స్ట్రక్షన్ తోకకి సైజు చెప్పే అక్షరం. జీసీసీ మామూలుగా ఏటీ అండ్ టీ పద్ధతిలో, మైక్రోసాఫ్ట్ ఇంటెల్ పద్ధతిలో ఉంటాయి. పైగా జీసీసీలో ఆపరాండ్లతో (అసెంబ్లీకి అందించే సీ విలువలతో) కూడిన అసెంబ్లీ రాస్తే శాతం గుర్తుకి వేరే పని ఉంటుంది కాబట్టి రిజిస్టర్ ముందు దాన్ని రెండుసార్లు రాయాలి.

ఇదంతా చిరాకు పుట్టిస్తుందే గానీ ప్రమాదం కాదు. తప్పు రాస్తే చాలాసార్లు అసెంబ్లరే అరుస్తుంది. జీసీసీకి ‘-ఎంఏఎస్ఎం=ఇంటెల్’ అనే ఆప్షన్ ఇస్తే ఇంటెల్ పద్ధతికి మారుతుంది కూడా. అందులో చిన్న మెలిక: ఆ ఆప్షన్ మన నాలుగు లైన్లకే వర్తించదు, ఆ ఫైల్లోకి వచ్చే హెడర్లన్నిటికీ వర్తిస్తుంది. ఏదో లైబ్రరీ హెడర్‌లో పాత పద్ధతిలో రాసిన ఇన్‌లైన్ అసెంబ్లీ ఉంటే అది విరుగుతుంది. అందుకే జాగ్రత్తపరులు పుష్పబ్రాకెట్లలో రెండు రూపాలూ రాసి మధ్యలో నిలువు గీత పెడతారు, ఏది కావాలో జీసీసీ ఎంచుకుంటుంది. చదవడానికి కళ్లు నొప్పెడతాయి గానీ పనిచేస్తుంది.

అసలు తేడా దీనికింద ఉంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ మీరు రాసిన అసెంబ్లీని చదువుతుంది. జీసీసీ చదవదు.

ఎ, బి అనే రెండు సంఖ్యలు కూడి ‘మొత్తం’లో పెట్టాలనుకోండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ముప్పై రెండు బిట్ల విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో ఇలా రాస్తాం:

__ఏఎస్ఎం {
  మూవ్ ఈఏఎక్స్, ఎ
  యాడ్ ఈఏఎక్స్, బి
  మూవ్ మొత్తం, ఈఏఎక్స్
}

సీ వేరియబుళ్ల పేర్లు నేరుగా వాడేశాం. ఇక్కడ ఈఏఎక్స్ పాడవుతుందని ఎవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, కంపైలర్ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ చదివి, ఏ రిజిస్టర్ మారుతోందో తనే చూసుకుంటుంది. ఈఎస్ఐ, ఈడీఐ లాంటివి మీరు ముట్టుకుంటే ఫంక్షన్ మొదట్లో దాచి చివర్లో తిరిగి పెట్టేస్తుంది.

జీసీసీలో అదే పని:

__ఏఎస్ఎం__ ("మూవ్ %1, %0 \ఎన్ యాడ్ %2, %0"
  : "=ఆర్"(మొత్తం)
  : "ఆర్"(ఎ), "ఆర్"(బి)
  : "సీసీ");

కొటేషన్లలో ఉన్నది జీసీసీకి ఉత్త అక్షరాల దండ. %0, %1, %2 ఉన్నచోట తను ఎంచుకున్న రిజిస్టర్ల పేర్లు నింపి, మిగతాదంతా ఉన్నదున్నట్టు అసెంబ్లర్ చేతికి ఇచ్చేస్తుంది. లోపల మూవ్ ఉందో, యాడ్ ఉందో, బూతు ఉందో దానికి పట్టదు. అది నమ్మేదల్లా కోలన్ల తర్వాత రాసినదాన్నే. బయటికొచ్చేవి ఇవి, లోపలికెళ్లేవి ఇవి, పాడయ్యేవి ఇవి అని మనం రాసిచ్చే ఒప్పందం అది.

నోటరీ దగ్గర అఫిడవిట్ గుర్తు చేసుకోండి. ఆయన మీ కథంతా చదివి నిజానిజాలు తేల్చడు. మీరు ఫలానాది నిజమని సంతకం పెట్టారు, ఆయన ముద్ర వేశాడు. అబద్ధమైతే తర్వాత అనుభవించేది మీరే. జీసీసీ నోటరీ. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ప్రతి పంక్తీ చదివి కాగితం తనే తయారుచేసే దస్తావేజు లేఖరి.

ఈ తేడా ఎవరో కావాలని పెట్టింది కాదు, పుట్టుకలో ఉంది. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ మొదటినుంచీ అసెంబ్లీని టెక్స్ట్‌గా రాసి, దాన్ని వేరే ప్రోగ్రామైన అసెంబ్లర్‌కి అందించే పద్ధతిలోనే నడిచింది. తను రాసే టెక్స్ట్‌లో మన టెక్స్ట్ ఇరికించడం దానికి సులువు. విలువ రిజిస్టర్‌లో ఉండాలా, మెమరీలో ఉండాలా అని చెప్పే ‘ఆర్’, ‘ఎం’ లాంటి కన్‌స్ట్రెయింట్ అక్షరాలు కూడా మనకోసం కొత్తగా కనిపెట్టినవి కావు. ఒక్కో ప్రాసెసర్‌ని వర్ణించడానికి జీసీసీ లోపల వాడుకునే ఫైళ్లలోని అక్షరాలే అవి. ఇంటి వెనక గదిలో వాడుకునే గిన్నెలనే పెళ్లివిందులో వడ్డనకి పెట్టేశారు. అందుకే అంత ముక్కుసూటిగా, అంత అర్థంకాకుండా ఉంటాయి.

ఇప్పుడు పైన రాసిన కూడిక ఉదాహరణకి మళ్లీ వద్దాం. అందులో తప్పు ఉంది. కనిపెట్టారా?

నేనూ కనిపెట్టలేదు, ఇలాంటిదే ఒకసారి నాకు సగం రోజు తినేసింది. జీసీసీ ఒప్పందంలో రాయకుండా ఒప్పుకున్న నియమం ఒకటుంది: లోపలికెళ్లే విలువలన్నీ వాడేశాకే బయటికొచ్చే విలువ రాస్తారు అని. ఆ నమ్మకంతో ‘మొత్తం’కీ ‘బి’కీ ఒకే రిజిస్టర్ ఇవ్వొచ్చు. బి వాడకం అయిపోయాకే కదా మొత్తం రాసేది, రెండు రిజిస్టర్లు దండగెందుకు అనుకుంటుంది. కానీ మనం చేసిందేంటి? మొదటి ఇన్‌స్ట్రక్షన్‌లోనే ‘మొత్తం’లో రాసేశాం, బి వాడింది రెండోదాంట్లో. ఎ 3, బి 4 అనుకోండి. రెండూ ఒకే రిజిస్టర్ అయితే మొదటి మూవ్‌తోనే 4 చెరిగిపోయి 3 కూర్చుంటుంది. తర్వాత యాడ్ ఆ రిజిస్టర్‌ని దానితోనే కూడుతుంది. మూడూ నాలుగూ ఆరు.

కంపైలర్ ‘మొత్తం’ని బితో కాకుండా ఎతో కలిపితే? మూవ్ ఉన్నచోటికే కదులుతుంది, ఏ హానీ లేదు, సమాధానం ఏడు. వేర్వేరు రిజిస్టర్లిస్తే కూడా ఏడే. అంటే ఈ కోడ్ ఒక కంపైలర్‌లో ఏడు చూపించి, ఇంకోదాంట్లో ఆరు చూపించొచ్చు. ఒకే కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ లేకుండా ఒకటీ, ‘-ఓ2’ పెడితే ఇంకోటీ చూపించొచ్చు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మందు ఒక్క అక్షరం: సమానం గుర్తు పక్కన ‘&’ చేర్చాలి. ఈ విలువని తొందరగానే రాసేస్తాను, దీని రిజిస్టర్ ఇంకెవరికీ ఇవ్వొద్దు అని దానర్థం.

మైక్రోసాఫ్ట్ పద్ధతి నుంచి జీసీసీకి కోడ్ మోసుకొచ్చేవాళ్లు పడే గొయ్యి ఇదే. ఇన్‌స్ట్రక్షన్లు మక్కీకి మక్కీ మార్చేస్తారు. కానీ అక్కడ కంపైలర్ తనంతట తానే తెలుసుకున్న సంగతులు ఇక్కడ మనం రాసివ్వాలి, అవి పాత కోడ్‌లో ఎక్కడా రాసి ఉండవు. కంటికి కనిపించనిదాన్ని అనువదించాలి.

దీనికి పరాకాష్ఠ ఒకటుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్ చివర్లో రిటర్న్ రాయకుండా, ఈఏఎక్స్‌లో విలువ వదిలేసి బ్రాకెట్ మూసేసే అలవాటు చాలామందికి ఉండేది. పిలిచినవాడికి విలువ ఈఏఎక్స్‌లోనే అందుతుంది కాబట్టి అది చెల్లుతుందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ఆ అలవాటుని జీసీసీకి తెస్తే, ఆ ఫంక్షన్ ఇంకోదాంట్లోకి ఇన్‌లైన్ అయిన రోజు (అంటే కంపైలర్ పిలుపు తీసేసి దాని కోడ్‌ని అక్కడే పరిచేసిన రోజు) ఈఏఎక్స్‌లో ఏముంటుందో దేవుడికి తెలియాలి.

మెమరీ సంగతీ అంతే. పాయింటర్ ఇచ్చి, అసెంబ్లీలో ఆ చిరునామాలో రాశారనుకోండి. జీసీసీకి తెలిసింది పాయింటర్ విలువ లోపలికెళ్లిందని మాత్రమే. అది చూపించే చోట మార్పు జరిగిందని తెలియాలంటే ఆ మెమరీనే ఆపరాండ్‌గా ఇవ్వాలి, లేదా పాడయ్యేవాటి జాబితాలో ‘మెమరీ’ అని రాయాలి. లేకపోతే అది ముందే రిజిస్టర్‌లో పెట్టుకున్న పాత విలువతోనే పని కానిచ్చేస్తుంది. లైనక్స్ కెర్నల్‌లో ‘బ్యారియర్’ అనే మ్యాక్రో ఉంది. దానిలోని అసెంబ్లీ దండ ఖాళీ. ఒక్క ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఉన్నదల్లా ‘మెమరీ’ అన్న ఆ చివరి మాటే. కంపైలర్ మెమరీ పనులని ఆ గీత దాటించి అటూ ఇటూ జరపకుండా ఆపడానికే అది. మైక్రోసాఫ్ట్‌లో ఇదే పనికి ‘_రీడ్‌రైట్‌బ్యారియర్’ అని వేరే ఇంట్రిన్సిక్ (కంపైలరే అందించే ఫంక్షన్) ఉండేది. ప్రాసెసర్ వరకు వెళ్లే అక్షరం ఒక్కటీ లేని కోడ్‌ని కూడా కంపైలర్ మారితే తిరగరాయాల్సి వచ్చిందంటే, ఈ గొడవకి ఇన్‌స్ట్రక్షన్ల లిపితో ఎంత తక్కువ సంబంధముందో చూసుకోండి.

ఇక సీపీయూఐడీ కథ చెప్పకుండా ఈ విషయం పూర్తవదు. ప్రాసెసర్‌కి ఏమేం చేతనవునో అడిగి తెలుసుకునే ఇన్‌స్ట్రక్షన్ అది. జవాబు నాలుగు రిజిస్టర్లలో పెడుతుంది: ఈఏఎక్స్, ఈబీఎక్స్, ఈసీఎక్స్, ఈడీఎక్స్. ముప్పై రెండు బిట్ల లైనక్స్‌లో షేర్డ్ లైబ్రరీ కోసం కంపైల్ చేస్తే, గ్లోబల్ వేరియబుళ్ల పట్టిక చిరునామా ఉంచుకోవడానికి జీసీసీ ఈబీఎక్స్‌ని తన దగ్గరే పెట్టుకునేది. ఈబీఎక్స్ పాడవుతుందని మనం నిజాయితీగా రాస్తే, అది కుదరదని కంపైల్ చేయడమే మానేసేది. అబద్ధం రాస్తే లైబ్రరీ ఎక్కడో కూలిపోయేది. నిజం చెబితే ఒప్పుకోదు, అబద్ధం చెబితే ఊరుకోదు. అందుకని జనం ఈబీఎక్స్‌ని ముందు ఈడీఐలో దాచి, సీపీయూఐడీ నడిపి, ఎక్స్‌చేంజ్ ఇన్‌స్ట్రక్షన్‌తో తారుమారు చేసి మళ్లీ యథాస్థానంలో పెట్టే కిటుకు వాడేవాళ్లు. 2015లో వచ్చిన జీసీసీ 5తో ఈబీఎక్స్ మీద ఆ పంతం పోయింది. పాత లైబ్రరీల్లో ఆ కిటుకు మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది, ఎందుకుందో తెలియక తీసేయడానికి అందరూ భయపడతారు.

మరి సీపీయూఐడీకి రెండు కంపైలర్లూ రెడీమేడ్ ఏర్పాటు ఇచ్చాయి కదా, అది వాడుకుంటే పోలా? వాడుకోవాలి. కానీ అక్కడా ఒక తమాషా ఉంది. జీసీసీ హెడర్‌లో ‘__సీపీయూఐడీ’ అనే మ్యాక్రో ఉంది, ఐదు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ హెడర్‌లోనూ ‘__సీపీయూఐడీ’యే ఉంది, నాలుగు గదుల అరే ఒకటి, ఒక సంఖ్య తీసుకుంటుంది. అండర్‌స్కోర్లతో సహా పేరు ఒకటే, లోపల పోలికే లేదు.

కంపైలర్ మారకుండా ప్రాసెసర్ మోడ్ మారినా కొన్ని విరుగుతాయి. టైమ్ స్టాంప్ కౌంటర్ చదివే ఆర్‌డీటీఎస్‌సీ ఇన్‌స్ట్రక్షన్ తన అరవై నాలుగు బిట్ల జవాబుని రెండు ముక్కలు చేసి ఈడీఎక్స్‌లో ఒకటి, ఈఏఎక్స్‌లో ఒకటి పెడుతుంది. ముప్పై రెండు బిట్ల జీసీసీలో పెద్ద అక్షరం ‘ఎ’ అనే కన్‌స్ట్రెయింట్ పెడితే ఆ జంటని కలిపి ఒకే విలువగా తీసుకునేది. ఇంటర్నెట్ నిండా ఆ ఒక్క లైనే కాపీ అయింది. అరవై నాలుగు బిట్లలో ఆ అక్షరానికి జంట అనే అర్థం పోయి, ఆర్‌ఏఎక్స్ గానీ ఆర్‌డీఎక్స్ గానీ ఏదో ఒకటి అనే అర్థం మిగిలింది. కోడ్ శుభ్రంగా కంపైల్ అవుతుంది, సగం సంఖ్య చేతికొస్తుంది. అరవై నాలుగు బిట్ల లైనక్స్‌లో ఇంకో గొయ్యి, రెడ్ జోన్. స్టాక్ పాయింటర్‌కి కింద 128 బైట్లని ఇంకెవరినీ పిలవని ఫంక్షన్లు చెప్పాపెట్టకుండా వాడుకోవచ్చని అక్కడి కాలింగ్ కన్వెన్షన్ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచే నియమాలు) ఒప్పుకుంటుంది. మీ ఇన్‌లైన్ అసెంబ్లీలో ఒక పుష్ కొడితే అది ఎవరి వేరియబుల్ మీద పడుతుందో చెప్పలేం. విండోస్‌లో ఈ రెడ్ జోన్ లేదు, అక్కడ అదే కోడ్ బుద్ధిగా నడుస్తుంది.

మైక్రోసాఫ్ట్ అయితే అరవై నాలుగు బిట్లకి వచ్చేసరికి తలుపే మూసేసింది. దాని కంపైలర్ ఎక్స్64లో గానీ ఏఆర్ఎంలో గానీ ఇన్‌లైన్ అసెంబ్లీని ఒప్పుకోదు. ఇంట్రిన్సిక్స్ వాడండి, లేదా వేరే ఫైల్లో రాసి దాని అసెంబ్లర్‌కి (ఎక్స్64కైతే ఎంఎల్64కి) ఇవ్వండి అంటుంది. అప్పట్లో తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చూస్తే అది చేసింది తప్పనిపించట్లేదు. ఇన్‌లైన్ బ్లాక్ ఉన్న ఫంక్షన్‌లో ఆప్టిమైజర్ చేతులు కట్టేసినట్టే ఉండేది, వేగం కోసం రాసిన అసెంబ్లీ చుట్టూ ఉన్న సీ కోడ్‌ని నెమ్మదింపజేసేది.

క్లాంగ్ దగ్గరికొస్తే కథ ఇంకోలా ఉంటుంది. జీసీసీ ఒప్పందాన్నే తనూ అమలు చేస్తానని వచ్చిన కంపైలర్ అది. తొంభై పాళ్లు చేస్తుంది, మిగతా పదిలో ఉంది మజా. క్లాంగ్ టెక్స్ట్‌ని బయటి అసెంబ్లర్‌కి ఇవ్వకుండా మామూలుగా తన లోపలి అసెంబ్లర్‌తోనే పని కానిస్తుంది. ఉదాహరణకి మెమరీలోని సంఖ్యకి ఒకటి కలపమని చెబుతూ సైజు చెప్పే తోక అక్షరం మర్చిపోతే, గ్నూ అసెంబ్లర్ ముప్పై రెండు బిట్లేలే అనుకుని సర్దుకుపోతుంది. క్లాంగ్ సైజు తేల్చి చెప్పమంటుంది. నా ఓటు క్లాంగ్‌కే. రిజిస్టర్ గానీ మెమరీ గానీ ఏదైనా ఫరవాలేదని మనం ఒప్పందంలో రాస్తే, జీసీసీ చాలావరకు రిజిస్టర్ ఎంచుకునేది, క్లాంగ్ చాలాకాలం పాటు మెమరీనే ఎంచుకుంటూ వచ్చింది. రెండూ ఒప్పందం ప్రకారం సరైనవే, వేగంలోనే తేడా.

లైనక్స్ కెర్నల్‌తో దాని పేచీ ఇంకా గట్టిది. అసెంబ్లీ లోపల్నుంచి సీ లేబుల్‌కి దూకే ‘ఏఎస్ఎం గోటూ’ 2010లో జీసీసీ 4.5తో వచ్చింది. 2018లో కెర్నల్ 4.17 నుంచి ఎక్స్86 మీద అది తప్పనిసరైంది. క్లాంగ్‌కి అప్పటికి అది రాదు. 2019లో క్లాంగ్ 9 వచ్చేదాకా, మార్పులేమీ చేయకుండా ఎక్స్86 కెర్నల్‌ని క్లాంగ్‌తో కట్టడం కుదరలేదు. ఆండ్రాయిడ్ లాంటి చోట్ల క్లాంగ్‌తో కెర్నల్ కట్టాలని చూస్తున్నవాళ్లకి అది చిన్న అడ్డు కాదు.

ఇంకో విచిత్రం జీసీసీదే. దండ లోపల ఏముందో చదవదన్నాను కదా, లైన్లు మాత్రం లెక్కపెడుతుంది. ఈ ముక్క ఎంత పెద్దదో అంచనా వేయాలి, ఆ అంచనాని బట్టి ఫంక్షన్‌ని ఇన్‌లైన్ చేయాలా వద్దా తేల్చుకుంటుంది. కెర్నల్ మ్యాక్రోల్లో అసలు ఇన్‌స్ట్రక్షన్ ఒకటే ఉండి, మిగతా లైన్లన్నీ వేరే సెక్షన్‌లోకి వెళ్లే సమాచారం అయినా సరే, చాంతాడంత ఉందని ఇన్‌లైన్ చేయడం మానేసేది. 2019లో జీసీసీ 9లో ‘ఏఎస్ఎం ఇన్‌లైన్’ అని కొత్తగా చేర్చి, ఇది ఎంత పొడుగున్నా చిన్నదిగానే లెక్కేసుకో అని చెప్పే వీలు కల్పించారు. చదవని నోటరీ కూడా పేజీలు లెక్కపెట్టి ఫీజు అడుగుతాడు మరి.

అదే క్లాంగ్‌కి మైక్రోసాఫ్ట్ పద్ధతి బ్లాక్ ఇస్తే ఏం చేస్తుందో చూడటం సరదాగా ఉంటుంది. బ్లాక్‌ని చదివి, ఏ రిజిస్టర్లు పాడవుతున్నాయో, ఏ వేరియబుల్ లోపలికి, ఏది బయటికి వెళ్తోందో లెక్కేసి, జీసీసీ పద్ధతి ఒప్పందాన్ని లోలోపల తనే రాసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ మానేసిన అరవై నాలుగు బిట్లలో కూడా ఆ పద్ధతిని నడిపిస్తుంది.

ఎంబెడెడ్ వైపు వెళితే గోల ఇంకా ముదురుతుంది. ఏఆర్ఎం కంపెనీ పాత కంపైలర్, ఐదో వెర్షన్ దాకా వచ్చిన ఆర్మ్‌సీసీలో ఇన్‌లైన్ అసెంబ్లీ రాసి ఆర్0 అని వాడితే, అది నిజంగా ప్రాసెసర్‌లోని ఆర్0 కావాలని లేదు. దాన్ని ఒక సీ వేరియబుల్‌లా చూసి, తనకి తోచిన రిజిస్టర్ ఇచ్చేది. రాసిన ఇన్‌స్ట్రక్షన్‌ని కూడా అవసరమైతే రెండు మూడు చేసేది, ఆప్టిమైజ్ చేసేసేది. స్టాక్ పాయింటర్‌ని నేరుగా ముట్టుకోనిచ్చేది కాదు. అంటే అక్కడ అసెంబ్లీలా కనిపిస్తున్నది సగం సీ భాషే. అసలైన అసెంబ్లీ కావాలంటే ఫంక్షన్ మొత్తాన్ని ‘__ఏఎస్ఎం’ అని ప్రకటించే ఇంకో పద్ధతి ఉండేది. ఆరో వెర్షన్‌తో కంపెనీ క్లాంగ్ మీద కట్టిన ఆర్మ్‌క్లాంగ్‌కి మారింది. జీసీసీ పద్ధతి ఒప్పందం వచ్చింది, పాత పద్ధతి పోయింది. పదేళ్లుగా కదలకుండా ఉన్న మైక్రోకంట్రోలర్ కోడ్ చేతికిచ్చి కొత్త కంపైలర్‌కి మార్చమని చెప్పించుకున్నవాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో కోకొల్లలు. వాళ్లని అడగండి, ఆర్0 అంటే ఆర్0 కాదని తెలిసిన రోజు ఎలా గడిచిందో.

మొదట చెప్పిన మూడు ఫోల్డర్ల గుట్టు ఇక్కడే ఉంది. టాస్క్ మార్చే పెండ్‌ఎస్‌వీ హ్యాండ్లర్‌ని ఆర్‌వీడీఎస్ ఫోల్డర్‌లో ఆ ‘__ఏఎస్ఎం’ ఫంక్షన్‌గా రాశారు. జీసీసీ ఫోల్డర్‌లో ‘నేకెడ్’ అనే గుణం తగిలించి, కంపైలర్ తనంతట తాను ఏ ముందుమాటా వెనకమాటా చేర్చకుండా ఆపి, లోపల కొటేషన్లలో ఒక్కో లైనూ పేర్చారు. ఐఏఆర్ ఫోల్డర్‌లో ఆ భాగాన్ని సీ నుంచి తీసేసి వేరే అసెంబ్లీ ఫైల్లో పెట్టేశారు. ఇన్‌స్ట్రక్షన్ల వరస మూడింట్లోనూ దాదాపు ఒకటే.

మరి చేతిలో పాత ఇన్‌లైన్ అసెంబ్లీ ఉండి కంపైలర్ మార్చాల్సొస్తే ఏం చేయాలి? అనువాదం మొదలుపెట్టే ముందు అసలు అది ఎందుకు రాశారో కనుక్కోవాలి. నేను చూసినంతలో సగానికి సగం ఇప్పుడు అక్కర్లేనివే. బిట్లు తిప్పే రొటేట్‌ని సీలో రెండు షిఫ్టులు, ఒక ‘ఓఆర్’ ఆపరేషన్‌తో రాస్తే ఇవాళ్టి కంపైలర్లు గుర్తుపట్టి ఒకే ఇన్‌స్ట్రక్షన్ ఇస్తాయి. బైట్లు తిరగేయడానికి జీసీసీ, క్లాంగ్‌లలో ఒక బిల్ట్‌ఇన్, మైక్రోసాఫ్ట్‌లో ఇంకో ఫంక్షన్ ఉన్నాయి, ఒక చిన్న మ్యాక్రోతో పోతుంది. అటామిక్ పనులకి 2011 ప్రమాణంలోనే చోటుంది. ఎస్ఎస్ఈ, ఏవీఎక్స్ లాంటి వెక్టర్ పనులకి ఇంట్రిన్సిక్స్ ఉన్నాయి, వాటి పేర్లు ఇంటెల్ ఖరారు చేసినవి కాబట్టి మూడు కంపైలర్లలోనూ చాలావరకు అవే. ఎంఎంఎక్స్ (ఎస్ఎస్ఈకి ముందటి వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు) కాలం నాటి పాత కోడ్‌ని మాత్రం అలాగే ఇంట్రిన్సిక్స్‌లోకి దించకండి, మైక్రోసాఫ్ట్ ఎక్స్64లో ఎంఎంఎక్స్‌కి ఆ దారి కూడా లేదు. నేరుగా ఎస్ఎస్ఈ2కి వెళ్లడమే మేలు.

నిజంగా అసెంబ్లీయే కావాల్సినచోట, అది పది లైన్లు దాటితే వేరే ఫైల్‌కి పంపడం మంచిది. ఎక్స్264 వీడియో ఎన్‌కోడర్ వాళ్లు అదే చేశారు. దానికీ ఖర్చుంది: ఫంక్షన్ పిలుపు తప్పదు, కాలింగ్ కన్వెన్షన్లూ కలవవు. అరవై నాలుగు బిట్ల లైనక్స్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ ఆర్‌డీఐలో వస్తే విండోస్‌లో ఆర్‌సీఎక్స్‌లో వస్తుంది. ‘లాంగ్’ లైనక్స్‌లో ఎనిమిది బైట్లు, విండోస్‌లో నాలుగు. మ్యాక్‌లో ఫంక్షన్ పేరు ముందు అండర్‌స్కోర్ చేరుతుంది. ఎక్స్264లో ఈ బాధలన్నీ ఒక మ్యాక్రో ఫైల్లో దాచేశారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లైతే పెర్ల్ స్క్రిప్టులు రాసి, వాటితో ఏ అసెంబ్లర్‌కి కావాల్సిన రూపం దానికి పుట్టిస్తారు.

రెండు మూడు లైన్లే ఉండి ఇన్‌లైన్‌లోనే ఉంచాల్సొస్తే, వాటిని ఒకే హెడర్‌లోకి లాగి, కంపైలర్‌కొక రూపం రాసి, మిగతా కోడ్‌కి ఒకే పేరు కనిపించేలా చేయాలి. ఏఆర్ఎం వాళ్లు తమ చిప్పుల కోసం ఇచ్చే సీఎంఎస్‌ఐఎస్ హెడర్లు అలాగే ఉంటాయి. ఇంటరప్టులు ఆపే ఫంక్షన్ పేరు ఒక్కటే, వెనక మాత్రం కంపైలర్‌కొక హెడర్. జీసీసీ రూపం రాసేటప్పుడు కీవర్డ్‌కి రెండు వైపులా అండర్‌స్కోర్లు పెట్టండి, ప్రమాణం ఖచ్చితంగా పాటించే మోడ్‌లో ఉత్త ‘ఏఎస్ఎం’ని అది గుర్తించదు. పరీక్ష ఎప్పుడూ ‘-ఓ2’లో, వీలైతే జీసీసీ, క్లాంగ్ రెండింట్లో చేయండి. ఆపైన ‘-ఎస్’ పెట్టి, పుట్టిన అసెంబ్లీలో మీ ముక్కకి ముందూ వెనకా ఐదేసి లైన్లు చదవండి. మూడూ నాలుగూ ఆరు అయ్యే చోటు అక్కడ పట్టుబడుతుంది.

ఫ్రీఆర్‌టీఓఎస్ వాళ్లు కార్టెక్స్-ఎం33 లాంటి తర్వాతి తరం చిప్పులకి వచ్చేసరికి పద్ధతి మార్చారు. పోర్ట్ కోడ్‌లో సీలో ఉన్న భాగమంతా కంపైలర్లన్నిటికీ ఒకటే ఫైలు. అసెంబ్లీ మాత్రం ‘పోర్ట్‌ఏఎస్ఎం’ అనే పేరుతో పక్కకి వెళ్లింది. జీసీసీ కోసం అది సీ ఫైలు, ఐఏఆర్ కోసం అసెంబ్లీ ఫైలు.